కెమెరా కొత్త మోడల్‌కి మారాలా వద్దా? డబ్బు పెట్టే ముందు ఇలా తేల్చుకోండి

కొత్త మోడల్ వచ్చిన వారంలోనే రివ్యూలు వరసకడతాయి, ఎవరిని అడిగినా "మార్చెయ్ అన్నా" అంటారు, నిన్నటిదాకా బాగానే తీసిన కెమెరా ఒక్కసారిగా పాతబడిపోయినట్టు అనిపిస్తుంది. ఆ తొందరలో లక్షలు పెట్టి, తర్వాత పాతవీ కొత్తవీ ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని తేడా కనిపించక బాధపడేవాళ్లు చాలామంది. నిజంగా మార్చాల్సిన అవసరం ఉండి కూడా ఏళ్ల తరబడి నెట్టుకొస్తూ మంచి ఫోటోలు పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. మీరు ఏ వైపు ఉన్నారో చెప్పగలిగేది మీ హార్డ్ డిస్క్‌లో పడి ఉన్న పాడైన ఫోటోలే.

ఉదాహరణకి మన పెళ్లి ఫోటోగ్రాఫర్ల చేతుల్లో బాగా కనిపించే సోనీ ఏ7 త్రీ (2018) నుంచి ఏ7 ఫోర్ (2021)కి మారడం తీసుకుందాం. కానన్, నికాన్ వాళ్ల సంగతి మధ్యలో వస్తుంది. పద్ధతి మాత్రం ఎవరికైనా ఒకటే.

1. పనికిరాని ఫోటోలు ముందేసుకోండి

ఈమధ్య తీసిన రెండు మూడు ఫంక్షన్ల నుంచి, లేదా హాబీగా తీసేవాళ్లైతే గత ఏడాది నుంచి, పక్కన పడేసిన ఫోటోలు ఓ వంద తీయండి. ఒక్కొక్కటి పెద్దది చేసి చూసి, ఎందుకు పాడైందో ఒక్క మాటలో రాసుకోండి: మనిషి కదిలాడు, చెయ్యి వణికింది, ఫోకస్ కంటి మీద కాకుండా వెనక పడింది, గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) ఎక్కువైంది, వెలుగు తప్పింది, కెమెరా బఫర్ (ఫోటోలు కార్డులోకి ఎక్కేదాకా నిలిచే తాత్కాలిక మెమరీ) నిండి ఆగిపోయింది. లైట్‌రూమ్ (ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి మెటాడేటా ఫిల్టర్‌లో ఐఎస్ఓ (తక్కువ వెలుగులో పెంచుకునే సెట్టింగ్, పెంచేకొద్దీ గ్రెయిన్ పెరుగుతుంది), షట్టర్ స్పీడ్, లెన్స్ అన్నీ కనిపిస్తాయి కాబట్టి ఈ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. దయచేసి ఈ మెట్టు దాటేయకండి, మిగతా అన్నీ దీని మీదే నిలబడతాయి.

ఇప్పుడు ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో చూడండి. తలంబ్రాల ఫోటోలో పెళ్లికూతురి చేతులు సాగిపోయినట్టు వచ్చాయనుకోండి, షట్టర్ స్పీడ్ సెకనులో 1/60 వంతు ఉంటే అది ఏ బాడీతో (లెన్స్ కాకుండా కెమెరా మాత్రమే) తీసినా అలాగే వస్తుంది. కెమెరాలోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. అక్కడ 1/200 దాకా వెళ్లాలి, దానికి ఫ్లాష్ కావాలి, లేదా ఎక్కువ వెలుగు తీసుకునే లెన్స్ కావాలి. వెలుగు తప్పడం కూడా చాలావరకు సెట్టింగ్‌ల వ్యవహారమే. ఫోకస్ మిస్సులు, బఫర్ నిండటం, వీడియో మధ్యలో ఆగిపోవడం లాంటివి ఎక్కువుంటే అప్పుడు బాడీ మీద అనుమానపడొచ్చు.

2. ఉన్న కెమెరా పూర్తిగా వాడుతున్నారా చూడండి

ముందు ఫర్మ్‌వేర్, అంటే కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్. ఏ7 త్రీకి 2019 ఏప్రిల్‌లో వచ్చిన 3.0 వెర్షన్‌తో రియల్ టైమ్ ఐ ఏఎఫ్ వచ్చింది, అంటే బటన్ విడిగా నొక్కి పట్టుకోకుండానే కంటిని వెతికి పట్టుకునే ఫోకస్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు కొందరు ఇప్పటికీ అప్‌డేట్ చేయకుండానే వాడుతుంటారు. నికాన్ జెడ్6కి కూడా ఐ ఏఎఫ్ అదే ఏడాది అప్‌డేట్‌లోనే వచ్చింది. రూపాయి ఖర్చు లేని పని, బ్యాటరీ ఫుల్‌గా పెట్టుకుని చేయడమే.

గ్రెయిన్ గురించి బాధపడుతుంటే, లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఏఐ డీనాయిస్ ఉంది. రా ఫైల్ (జేపెగ్‌గా కుదించని ఒరిజినల్ ఫైల్) ఉంటే చాలు. ఐఎస్ఓ 6400లో తీసి పక్కనపెట్టిన పాత ఫైల్ మీద ఒకసారి నడిపి చూడండి, చాలామందికి అప్‌గ్రేడ్ ఆలోచన అక్కడే సగం తగ్గిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు బలంగా లేకపోతే ఒక్కో ఫైల్‌కి చాలాసేపు పడుతుంది, అది మాత్రం నిజం.

3. బాడీ కంటే ముందు లెన్స్ లెక్క

కిట్ లెన్స్‌ని (కెమెరాతో పాటు వచ్చే లెన్స్) 50 ఎంఎం దగ్గరకి జూమ్ చేస్తే అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్ 5.6 దగ్గర ఆగుతుంది. అదే చోట 50 ఎంఎం ఎఫ్ 1.8 పెడితే లోపలికి వచ్చే వెలుగు దాదాపు 10 రెట్లు. ఐఎస్ఓ 6400లో తీయాల్సింది 640లో తీయొచ్చు. ఇంత తేడా ఇచ్చే కొత్త బాడీ ఏ కంపెనీ దగ్గరా లేదు. ఏపీఎస్‌సీ (చిన్న సెన్సర్) నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి (పెద్ద సెన్సర్) మారినా వచ్చే లాభం ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుగు), లేదా అంతకంటే కొంచెం ఎక్కువ. కాబట్టి కానన్ 1500డితో 18-55 కిట్ లెన్స్ మాత్రమే వాడుతూ "తక్కువ వెలుగులో బాగా రావట్లేదు" అంటున్నవాళ్లు ముందు 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనండి. ఇది నా గట్టి అభిప్రాయం.

4. స్పెక్ షీట్‌ని మీ లిస్టుతో పోల్చండి

ఏ7 త్రీ 24 మెగాపిక్సెల్, ఏ7 ఫోర్ 33. వినడానికి పెద్ద తేడా, కానీ ఫోటో వెడల్పులో చూస్తే 6000 పిక్సెల్ నుంచి 7008, అంటే సుమారు 17 శాతం పెరిగిందంతే. ఇన్‌స్టాగ్రామ్‌కి, 12x18 ప్రింట్‌కి 24 సరిపోతుంది. ఒకే ఫోటోని 12x36 ఆల్బమ్ షీటంతా పరిచేవాళ్లకి, గ్రూప్ ఫోటోలో నుంచి ఒక్కరిని కత్తిరించి పెద్దది చేసేవాళ్లకి కొంత ఉపయోగం. రెండింటి ఐఎస్ఓ పరిధీ ఒకటే, 51200 దాకా. రెండు ఫోటోల్నీ ఒకే సైజుకి తగ్గించి పక్కపక్కన పెడితే గ్రెయిన్‌లో తేడా కనిపెట్టడం కష్టం. స్పీడూ అంతే, రెండూ సెకనుకు 10 ఫోటోలంటాయి, కానీ ఏ7 ఫోర్‌లో ఆ 10 రావాలంటే రా ఫైల్ కంప్రెస్డ్‌లో ఉండాలి, లాస్‌లెస్‌లో (నాణ్యత ఏమీ పోని పద్ధతి) పెడితే స్పీడ్ బాగా పడిపోతుంది. రెండు కార్డు స్లాట్లు పాతదానికీ ఉన్నాయి.

కాబట్టి ఫోటోలు మాత్రమే తీసేవాళ్లకి ఈ మార్పుతో వచ్చేది తక్కువ.

వీడియో తీసేవాళ్ల కథ వేరు. ఏ7 త్రీ 8 బిట్‌లోనే (రంగుల ఛాయలు తక్కువ) రికార్డు చేస్తుంది, ఎస్ లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా తీసే పద్ధతి) తీసి కలర్ లాగితే ఆకాశంలో, ప్లెయిన్ బ్యాక్‌డ్రాప్‌లో చారలు తేలతాయి. ఏ7 ఫోర్‌లో రంగుల సమాచారం ఎక్కువ ఉంచే 10 బిట్ 4:2:2 ఉంది. పాతదానిలో 4కెలో సెకనుకు 30 ఫ్రేములే, కొత్తదానిలో 60 దాకా వెళ్లొచ్చు కానీ అప్పుడు ఫ్రేమ్ ఒకటిన్నర రెట్లు క్రాప్ అవుతుంది, 24 ఎంఎం లెన్స్ 36 లాగా పనిచేస్తుంది, ఇరుకైన మండపంలో ఇది ఇబ్బందే. పాతదానిలో వీడియోకి ఐ ఏఎఫ్ లేదు, కొత్తదానిలో ఉంది. అన్నిటికంటే ముఖ్యం, పాతది 30 నిమిషాలు నిండబోతుండగా రికార్డింగ్ ఆపేస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి సరిగ్గా కెమెరా ఆగితే ఏ క్లయింటూ క్షమించరు. ఏ7 ఫోర్‌కి ఆ పరిమితి లేదు. పెళ్లి వీడియో మీ ప్రధాన పని అయితే నేను మారమనే చెప్తాను.

డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం) నుంచి మిర్రర్‌లెస్‌కి (అద్దం లేని కొత్త రకం) వచ్చేవాళ్లకి తేడా ఇంకా పెద్దది. 1500డిలో ఫోకస్ పాయింట్లు 9, సెకనుకు 3 ఫోటోలు. కానన్ మిర్రర్‌లెస్ ఆర్50లో ఫ్రేమ్‌లో ఏ మూల ఉన్నా కంటిని పట్టుకుంటుంది. పరిగెత్తే పిల్లల్ని, క్రికెట్ మ్యాచ్‌ల్ని తీస్తూ మీ వందలో ఫోకస్ మిస్సులే ఎక్కువున్నాయంటే సందేహం లేకుండా మారండి.

5. బాడీ ధర పక్కన మిగతా ఖర్చులు రాయండి

ముందు లెన్సులు. కానన్ డీఎస్ఎల్ఆర్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌లలో ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో జాగ్రత్త: డి750 డీఎస్ఎల్ఆర్‌తో వాడుతున్న 50 ఎంఎం 1.8డి, 85 ఎంఎం 1.8డి లాంటి పాత ఏఎఫ్-డి లెన్సులకి జెడ్ సిరీస్ మిర్రర్‌లెస్‌కి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పాల్సిందే. ఏఎఫ్-ఎస్ లెన్సులకి ఆ ఇబ్బంది లేదు. సోనీ ఏ7 త్రీ వాళ్లకి లెన్సులూ బ్యాటరీలూ అవే పనిచేస్తాయి కాబట్టి ఇక్కడ కొంత నయం.

తర్వాత కార్డులు, హార్డ్ డిస్కులు, కంప్యూటర్. 33 మెగాపిక్సెల్ ఫైళ్లతో డిస్కు త్వరగా నిండుతుంది. 10 బిట్ 4:2:2 వీడియోని పాత కంప్యూటర్‌లో వేస్తే టైమ్‌లైన్ ఆగి ఆగి కదులుతుంది, చాలామంది కెమెరా కొన్న నెలకి కంప్యూటర్ కొనాల్సి వచ్చేది ఇందుకే. మీ ఫ్లాష్, ట్రిగ్గర్ కొత్త బాడీ హాట్ షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) మీద వెలుగుతున్నాయో లేదో షాపులోనే పెట్టి చూడండి.

ఇప్పుడు కూడిక. లెక్క కోసం కొత్త బాడీ 2 లక్షలు, కార్డులూ అవీ ఇవీ 20 వేలు, పాతది అమ్మితే 80 వేలు అనుకుందాం. మీ జేబులోంచి పోయేది 1,40,000. రెండేళ్లలో 40 ఈవెంట్లు చేస్తారంటే ఒక్కోదాని మీద 3,500. కొత్త బాడీ వల్ల ఒక్కో ఈవెంట్‌కి అంత ఎక్కువ అడగగలరా, లేదా అంత పని మిగులుతుందా? జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు బిల్లు మీది 18 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్ సంగతి మీ ఆడిటర్‌ని అడిగి ఈ లెక్కలో కలుపుకోండి. హాబీగా తీసేవాళ్లకి ఈ భాగహారం వర్తించదు, ఆ డబ్బుతో ఒక మంచి ట్రిప్ వెళ్లి ఫోటోలు తీయడం ఎక్కువ ఆనందమా, కొత్త బాడీ ఎక్కువ ఆనందమా అన్నది మీరే చూసుకోవాలి. ఈఎంఐ మీద హాబీ కెమెరా మాత్రం వద్దు.

6. ఒకరోజు అద్దెకి తెచ్చి అసలు పనిలో పెట్టండి

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ లాంటి చోట్ల బాడీలు రోజువారీ అద్దెకి దొరుకుతాయి. షాపులో నాలుగు క్లిక్కులు కొట్టి చూస్తే ఏమీ తెలియదు. మీ లెన్సే పెట్టి, పాత బాడీని పక్కనే ఉంచుకుని, మీరు ఎప్పుడూ ఇబ్బందిపడే చోటే తీయండి: రాత్రి ముహూర్తం, ఎల్ఈడీ వాల్ ముందు సంగీత్, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద పిల్లలు. సైలెంట్ షట్టర్‌తో ఎల్ఈడీ కింద చారలు పడుతున్నాయా చూడండి, ఏ7 ఫోర్‌లో ఇవి పడతాయి. ఇంటికొచ్చి మొదటి మెట్టులో రాసుకున్న లిస్టు తీయండి. అందులో ఎక్కువసార్లు వచ్చిన కారణం కొత్త బాడీలో సగానికి తగ్గకపోతే కొనకండి.

7. కొనాలనే తేలితే

ఇండియా వారంటీ, జీఎస్టీ బిల్లు లేకుండా తక్కువకి ఇచ్చే సెట్లు వదిలేయండి, తర్వాత సర్వీస్ దగ్గర ఇబ్బంది మీదే. కొత్తది రాగానే దాని ముందు మోడల్ ధర తగ్గుతుంది కాబట్టి చాలామందికి సరిపోయేది ఆ ముందు మోడలే. పాత బాడీ అమ్మేటప్పుడు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో ఆ లెక్క) మీరే ముందు చెప్పండి, బాక్సూ బిల్లూ ఉంటే మంచి ధర వస్తుంది. ఈవెంట్లు చేసేవాళ్లు వీలైతే అమ్మకుండా రెండో బాడీగా ఉంచుకోండి.

సీజన్ మధ్యలో మాత్రం మారకండి. ఏ7 త్రీ మెనూకి, ఏ7 ఫోర్ మెనూకి పోలిక ఉండదు, వేళ్లకి అలవాటైన బటన్లన్నీ మళ్లీ సెట్ చేసుకోవాలి. ఆషాఢంలోనో మూఢంలోనో పెళ్లిళ్లు లేనప్పుడు కొని, మొదటి ముహూర్తానికి కనీసం రెండు వారాల ముందు నుంచి ఇంట్లోవాళ్లని తీస్తూ చేతికి అలవాటు చేసుకోండి.