వినికిడి తగ్గాక – 4వ పాఠం: ‘ఆఁ?’ అనకుండా అడగడం

పోయిన పాఠంలో కూర్చునే చోటు చూసుకున్నాం: కిటికీ మన వెనక, మాట్లాడే మనిషి మన ఎదురుగా, వెలుతురంతా వాళ్ల ముఖం మీద. వారం రోజులు అలా కూర్చున్నవాళ్లకి పెదవులు ఎంత సాయం చేస్తాయో, ఎక్కడ దెబ్బతీస్తాయో ఈపాటికి తెలిసే ఉంటుంది.

అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా ‘పప్పు’ అనండి. తర్వాత ‘మబ్బు’ అనండి. రెండుసార్లూ పెదవులు మూసుకుని, తెరుచుకుని, మళ్లీ మూసుకుని, చివర గుండ్రంగా ముడుచుకుంటాయి. పాట, బాట, మాట కూడా అంతే. ప, బ, మల తేడా గొంతులోనూ ముక్కులోనూ ఉంది, కంటికి దొరకదు.

పోయిన వేసవిలో మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి “మబ్బేసిందండీ” అంది. లోపల మిక్సీ తిరుగుతోంది. పప్పు సంగతేదో అనుకుని “సరే” అన్నాను. మేడ మీద పిండి వడియాలు చీరతో సహా తడిసిపోయాయి. మిక్సీని తిట్టుకున్నాను గానీ, వడియాల్ని ముంచింది నా ‘సరే’.

ఇక చెవి సంగతి. వయసుతో వచ్చే లోపంలో ముందు పోయేవి సన్నటి ధ్వనులు: స, త, ప, క లాంటివి. అచ్చులు, ‘మ’లోని ముక్కు నాదం చాలాకాలం నిలుస్తాయి. “వినబడుతోంది, అర్థం కావట్లేదు” అని మనం మొత్తుకునేది అందుకే. ‘పాలు’, ‘కాలు’ చెవికి ఒక్కలాగే తగలొచ్చు. పెదవులు చూస్తే ‘పా’కి మూసుకుంటాయి, ‘కా’కి మూసుకోవు. ఇరవై, అరవై కూడా నోరు చూస్తే తేలిపోతాయి.

ఈ రెండూ చాలనప్పుడే అడగాలి. “ఆఁ?” అంటే ఎదుటివారు అదే వాక్యాన్ని అరిచి చెబుతారు. అరుపులో అచ్చులు పెరుగుతాయి, పోయిన హల్లు పోయినట్టే ఉంటుంది, పైగా నోరు వంకర తిరుగుతుంది. కాబట్టి అందినంత ముక్క వెనక్కి ఇచ్చి, అందనిదొక్కటే అడగండి. “పెద్దమ్మాయి వస్తోందన్నావు, ఏ రోజు?” ఇలా అడిగితే అవతలివాళ్లకి విసుగు రాదు, మనం వింటున్నామనీ తెలుస్తుంది. రెండోసారీ అందకపోతే “ఇంకో మాటలో చెప్పు” అనండి; ‘మబ్బు’ తప్పితే ‘వానొచ్చేలా ఉంది’ దొరుకుతుంది.

మందుల దగ్గర మాత్రం ఈ విద్య కూడా చాలదు. “పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అంతేనా?” అని మీరే తిరిగి చెప్పి, చీటీ మీద రాయించుకోండి. డాక్టరు మాస్కు వేసుకుంటే పెదవులు ఎలాగూ లేవు.

ఈ వారం సాధన: ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ పది నిమిషాలు, ఫ్యాను ఆపి మొదలుపెట్టి, మూడో రోజు నుంచి వేసి. వాళ్లు రేపటి పనులు మామూలు గొంతుతో చెప్పాలి. మీరు ‘ఆఁ’, ‘ఏంటి’, ‘సరే’ అనకూడదు. అన్నప్పుడల్లా గోడ మీద క్యాలెండర్లో ఒక గీత. నాకు మొదటిరోజు పద్నాలుగు పడ్డాయి, అందులో పదకొండు ‘సరే’లే.

వచ్చే పాఠం ఫోను. అక్కడ పెదవులుండవు, అందుకని ఈ గీతలు తగ్గాకే అటు వెళ్దాం.