రేసు కుక్క ఇంటికొచ్చింది – 2వ పాఠం: మొదటి రాత్రి, మొదటి వారం

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని అయిపోయే ఉంటుంది. ఫెన్సు చుట్టూ తిరిగి కన్నాలు మూశారు, మార్టింగేల్ పట్టీ (లాగితే కొంచెం బిగిసి, తల మీదుగా జారిపోకుండా ఆపే మెడపట్టీ) కొన్నారు, హాల్లో జనం అటూ ఇటూ తిరగని మూల చూసి మందపాటి పరుపు వేశారు. ఇక రేసులు మానేసిన గ్రేహౌండ్ కుక్క కారు దిగబోతోంది. ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సిన విద్య ఏమిటంటే, దాన్ని దాని మానాన వదిలేయడం. చెప్పడానికి ఒక్క ముక్కే గానీ మనవాళ్ళకి ఇంతకన్నా కష్టమైన పని లేదు. ఇంటికొచ్చినవాళ్ళని కూర్చోనివ్వం, నిలబడనివ్వం, "ఇంకొంచెం వేసుకోండి" అంటూ ప్రాణం తీస్తాం కదా!

నేను చేసిన తప్పే ముందు చెబుతాను. మేముండేది మెల్‌బోర్న్‌కి పడమటి వైపు, టార్నీట్‌లో. మా గ్రేహౌండ్ చిట్టిని శనివారం మధ్యాహ్నం తెచ్చాం. నాలుగేళ్ళ ఆడకుక్క, నల్ల చారలు, 27 కిలోలు. సాయంత్రానికి మూడు కుటుంబాలు దిగాయి, బిర్యానీ, పిల్లల కేకలు. చిట్టి ఫ్రిజ్ పక్కన గోడకేసి తిరిగి నిలబడిపోయింది. తోక కాళ్ళ మధ్య దూరింది. మాటిమాటికీ మూతి నాక్కుంటోంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తోంది. "అబ్బ, ఎంత బుద్ధిమంతురాలో!" అన్నారు అందరూ. అది బుద్ధి కాదు, భయంతో కొయ్యబారిపోవడం. పదకొండింటికి అందరూ వెళ్ళాక చూస్తే కార్పెట్ తడిసి ఉంది. తర్వాత రెండు రోజులు అది తిండి ముట్టలేదు. అందుకని మొదటి నియమం: వారం రోజులు చుట్టాలు వద్దు, స్నేహితులు వద్దు, ఫొటోల కోసం మెడ మీద చేతులు వేయడాలు వద్దు.

ఎందుకో అర్థం కావాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఇక్కడి సాండౌన్ పార్క్ కుక్కల రేసు మైదానంలో మామూలు రేసు 515 మీటర్లు. మంచి కుక్క అర నిమిషంలోపే ముగించేస్తుంది. మిగతా బతుకంతా కెనెల్‌లోనే, అంటే రేసు కుక్కల్ని ఉంచే గదుల షెడ్డులోనే. వేళకి లేపడం, వేళకి ఆవరణలోకి వదలడం, వేళకి తిండి, మళ్ళీ నిద్ర. చుట్టూ తన జాతి కుక్కలే. టీవీ, అద్దం, మిక్సీ మోత, గాజు తలుపు, మెట్లు, వీటిలో ఒక్కటీ దానికి తెలియదు. బొచ్చుకుక్కపిల్లని చూసి కుందేలనుకునే గ్రేహౌండ్లు కూడా ఉంటాయి. ఇంకో సంగతి, రాత్రిపూట ఒంటరిగా పడుకున్న అనుభవం దానికి దాదాపు ఉండదు, ఎప్పుడూ పక్క గదిలో ఇంకో కుక్క ఊపిరి వినిపిస్తూనే ఉండేది. మనకి అది కొత్త కుక్క, సరే. దానికి మాత్రం భూగోళమే కొత్త.

కారు దిగగానే ఇంట్లోకి తేకండి. లీష్ పట్టుకుని నేరుగా పెరట్లోకి, ఒంటికి వెళ్ళాల్సిన చోటికి తీసుకెళ్ళండి. పావుగంటైనా సరే, మాట్లాడకుండా నిలబడండి. పని కాగానే మెత్తగా ఒక మెప్పు, చిన్న ముక్క తినుబండారం. తర్వాత లీష్‌తోనే ఇల్లు చూపించండి, ఒక్కొక్క గది. గాజు తలుపు దగ్గర ఆగి వేలితో టకటకా కొట్టండి. అక్కడ ఏదో అడ్డం ఉందని దానికి తెలియాలి. గంటకి అరవై కిలోమీటర్లు దాటి పరిగెత్తే జంతువు గాజుని గుద్దుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మేము సంక్రాంతికి తెచ్చి మిగిలిపోయిన ముగ్గు స్టిక్కర్లు దాని కంటి ఎత్తున అంటించాం, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చెక్క నేల ఉంటే పరుపు నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కణ్ణించి పెరటి తలుపు దాకా పాత కార్పెట్ ముక్కలు దారిలా పరవండి. జారిందంటే మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టదు.

కెనెల్‌లో పడుకునే చోట తడపకుండా ఉండటం దానికి అలవాటే గానీ ఇల్లంతా పడుకునే చోటేనని తెలియదు. మొదట్లో రెండు గంటలకోసారి, నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక, అదే చోటికి తీసుకెళ్ళండి. లోపల పొరపాటు జరిగితే తిట్టకండి, తుడవండి. అంతే.

మొదటి రాత్రి దాని పరుపు మీ పడగ్గదిలో వేయండి, లేదా మీరే హాల్లో పడుకోండి. మనిషి ఊపిరి వినపడితే చాలు. నెలలో మెల్లగా పరుపుని కావలసిన చోటికి జరుపుకోవచ్చు. మూలిగితే "నేనున్నాలే" అని ఒక మాట అనండి, లేచి కూర్చుని ముద్దు చేయొద్దు.

పిల్లలున్న ఇంట్లో ఈ పేరా రెండుసార్లు చదవండి. గ్రేహౌండ్లు కళ్ళు తెరుచుకుని కూడా నిద్రపోతాయి. నిద్రలో ఎవరైనా తాకితే ఉలిక్కిపడి గుర్రుమనడం, ఒక్కోసారి పళ్ళు తగిలించడం మామూలు. దాన్ని పౌరుషం అనుకోకండి. పుట్టినప్పటి నుంచీ నిద్రలో దాన్ని ఎవరూ తాకలేదు. అందుకే దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి, తల ఎత్తి చూశాకే దగ్గరికి వెళ్ళాలి. దాని పరుపు మీదకి పిల్లలు ఎక్కకూడదు. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వాడి చేత రంగు టేపుతో పరుపు చుట్టూ గీత వేయించాను. తను వేసిన గీత కాబట్టి కాపలా కూడా వాడే కాశాడు.

తిండి విషయం. తెచ్చినచోట ఏం పెడుతున్నారో అడిగి మొదట అదే పెట్టండి, వారంలో కొద్దికొద్దిగా మీది కలుపుతూ మార్చండి. విరేచనం కొంచెం పల్చబడినా కంగారొద్దు. రెండు రోజులు దాటినా, రక్తం కనపడినా వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మన వంటింట్లో దానికి ప్రమాదమైనవి చాలానే ఉన్నాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడ్డ పప్పూ పులుసూ, పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్, బిర్యానీలో ఉడికిన ఎముకలు. ఇవి పొరపాటున కూడా పెట్టొద్దు. పెరుగన్నం కొంచెం పెడితే మాత్రం లోకమేం మునిగిపోదు.

చిట్టి వచ్చిన రోజు ఫోన్లో చెబితే మా అమ్మ "గ్రేహౌండ్స్ అంటే పోలీసులు కదరా!" అంది. 1989లో పెట్టిన ఆ దళం పేరు తెలుగునాట అంతగా నాటుకుపోయింది మరి. తర్వాత తెనాలి నుంచి వచ్చి చూసి "దీనికి తిండి పెట్టట్లేదా? పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు" అని నా మీద కేకలు. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపించడం ఈ జాతికి ఆరోగ్యమే. వీధిలో కూడా మిమ్మల్ని ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, నవ్వేసి నడవండి.

ఇక అసలు సాధన, ఒంటరిగా ఉండటం నేర్పడం. ఉద్యోగస్తులు వారం సెలవు పెట్టి ఏడు రోజులూ కుక్కని అంటిపెట్టుకుని ఉంటారు. ఎనిమిదో రోజు ఆఫీసుకి బయల్దేరగానే దానికి లోకం అంతమైనట్టుంటుంది. సెలవు పెట్టేదే వదిలి వెళ్ళడం నేర్పడానికి.

రెండో రోజు తాళాలు చేతిలోకి తీసుకుని గలగలలాడించి, మళ్ళీ సోఫాలో కూర్చోండి. రోజులో పదిసార్లు. తాళాల చప్పుడుకి అది తల ఎత్తడం మానేసేదాకా ఇదే పని. తర్వాత తలుపు తీసి, బయటికి వెళ్ళకుండానే మూయండి. ఆ తర్వాత బయట ఐదు సెకన్లు. పది. మళ్ళీ ఐదు. ఇరవై. పది. నలభై. లెక్క ఎప్పుడూ పైకే పోకూడదు, మధ్యలో తగ్గాలి. లేకపోతే ప్రతిసారీ ఇంకా కష్టమవుతుందని అదీ కనిపెట్టేస్తుంది. వెళ్ళేటప్పుడు టాటాలు లేవు, వచ్చాక హారతులూ లేవు. పాత ఫోన్‌ని పుస్తకాల అరలో నిలబెట్టి వీడియో కాల్ పెట్టుకుని చూడండి. తల వాల్చి పడుకుంటే మీరు గెలిచినట్టే. అటూ ఇటూ తిరుగుతూ చొంగ కారుస్తుంటే, తలుపు గీకుతుంటే మీరు తొందరపడ్డారని అర్థం. సగానికి తగ్గి మళ్ళీ మొదలుపెట్టండి. మేము నాలుగు నిమిషాల దగ్గర మూడు రోజులు ఇరుక్కుపోయాం. వరండాలో నిలబడి వాచీ చూసుకుంటుంటే పక్కింటాయన వచ్చి "తాళం పోయిందా?" అని అడిగాడు. అరగంట దాటాక పెంచడం చాలా తేలికైంది. రబ్బరు బొమ్మలో పెరుగు నింపి ఫ్రీజర్లో గడ్డకట్టించి ఇస్తే నాకుతూ కూర్చుంటుంది. కాకపోతే దాన్ని మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇవ్వాలి.

నడక ఈ వారం పది నిమిషాలు చాలు, రోజూ ఒకే వీధిలో. మధ్యలో హఠాత్తుగా విగ్రహంలా నిలబడిపోతుంది. లాగకండి. లీష్ వదులు చేసి ఆగండి, తర్వాత పక్కకి ఒక చుట్టు తిరిగితే తనే కదులుతుంది. మా విక్టోరియా రాష్ట్రంలో 2019 జనవరి 1 నుంచి పెంపుడు గ్రేహౌండ్లకి మూతికి చిక్కం తప్పనిసరి కాదు. లీష్ మాత్రం బయట ఎక్కడైనా చట్టం. చట్టం లేకపోయినా విప్పకూడదు. దూరంగా పిల్లి కదిలితే మీ కేక దాని చెవికి చేరేలోపు అది అవతలి వీధిలో ఉంటుంది.

కుక్క కొత్త ఇంటికి అలవాటు పడటానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు. ఉజ్జాయింపుగా తీసుకోండి. చిట్టి ఐదో వారంలో గానీ తోక ఊపలేదు.

వచ్చే పాఠంలో మెట్లెక్కడం, పళ్ళు, మత్తుమందు విషయంలో డాక్టరుకి ముందే చెప్పాల్సిన మాట. ఈలోగా ఒక నోటుపుస్తకం పెట్టి రోజూ నాలుగు ముక్కలు రాయండి. మా పుస్తకంలో ఆరో రోజు ఇలా ఉంది:

ఉదయం 6:10 పెరట్లో ఒంటికి. 6:30 తిండి, సగం తింది. 10:00 తలుపు బయట 40 సెకన్లు, పడుకునే ఉంది. మధ్యాహ్నం 2:00 సోఫా ఎక్కింది. ఎవరూ పిలవలేదు.