స్కాట్లండ్‌లో తేలికపాటి నడకను ఎంచుకోవడం, నడవడం

స్కాట్లండ్ నడక దారుల గురించి ఏ కరపత్రం చూసినా 'సులభం' అన్న మాట కనిపిస్తుంది. ఆ మాటను దూరంతో కొలిచి చాలామంది పొరబడతారు. కిన్రాస్ ఊరి పక్కన లాఖ్ లెవెన్ సరస్సు చుట్టూ సాగే బాట సుమారు 21 కిలోమీటర్లు ఉంటుంది. అయినా అది చదునుగా, గట్టి నేల మీద పోతుంది కనుక పసిపిల్లల బండి తోసుకుంటూ కూడా ఓపిక ఉన్నంత మేర వెళ్లి వెనుదిరగవచ్చు. లాఖ్ లోమండ్ తూర్పు ఒడ్డున ఉన్న బాల్మహా నుంచి కోనిక్ హిల్ ఎక్కి దిగడం మొత్తం కలిపి దాదాపు 4 కిలోమీటర్లే గాని, ఆ నాలుగు కిలోమీటర్లూ పిక్కలను గట్టిగానే పరీక్షిస్తాయి. కాబట్టి ఎంత ఎత్తు ఎక్కాలి, కాలి కింద నేల ఎలాంటిది, చీకటి పడేలోగా తిరిగి రాగలమా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకనే దూరం సంగతి చూడాలి.

లాఖ్ అంటే సరస్సు. సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చిన పాయను కూడా స్కాట్లండ్‌లో అదే పేరుతో పిలుస్తారు. చివరి అక్షరాన్ని గొంతులోంచి, 'క'కు 'హ'కు నడుమ పలకాలి. స్కాట్లండ్ పాత భాష అయిన గేలిక్‌లో ఇలాంటి మాటలు కొన్ని తెలిస్తే పటం చదవడం సగం వచ్చినట్టే. 'బెన్' పర్వతం, 'గ్లెన్' లోయ, 'ఇంచ్' దీవి, 'లాఖన్' చిన్న సరస్సు, 'మోర్' పెద్దది, 'బెగ్' చిన్నది. చిత్తడి నేలను ఇంగ్లీషువారు పిలిచే 'బాగ్' కూడా మెత్తన అనే అర్థం గల గేలిక్ మాట నుంచే పుట్టింది. ఆ మెత్తదనం ఎంతటిదో చీలమండ దాకా కాలు దిగినప్పుడు బాగా అర్థమవుతుంది. అన్ని పేర్లూ రాసినట్టే పలుకుతారని మాత్రం అనుకోకూడదు. వెస్ట్ హైలాండ్ వే అనే 154 కిలోమీటర్ల దారి మొదలయ్యే ఊరి పేరు పటంలో మిల్న్‌గేవీ అన్నట్టు కనిపిస్తుంది, అక్కడివారు మాత్రం 'మల్‌గై' అంటారు.

ఫోన్‌లోని పటం ఊళ్లో సరిపోతుంది గాని అడవిలో, కొండ మలుపుల్లో సిగ్నల్ తరచుగా పోతుంది. అందుకని ఆర్డ్‌నెన్స్ సర్వే అనే బ్రిటన్ పటాల సంస్థ వారి కాగితపు పటం ఒకటి వెంట ఉండటం మంచిది. వారి ఎక్స్‌ప్లోరర్ పటాలు 1:25,000 స్కేలులో ఉంటాయి, అంటే పటం మీద 4 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. లాఖ్ లోమండ్ దక్షిణ భాగానికి ఓఎల్ 38 సంఖ్య గల పటం తీసుకోవాలి. పటం మీద ముందుగా చూడవలసినవి ఎత్తును చూపే కాంటూరు రేఖలు: అవి ఎడంగా ఉన్నచోట నడక సాఫీగా సాగుతుంది, ఒకదానినొకటి ఒరుసుకుంటున్నట్టు ఉన్నచోట నిట్టనిలువుగా ఎక్కవలసి వస్తుంది. నల్లని చుక్కల గీత కాలిబాటను చూపుతుంది, కాని ఆ బాట నేల మీద స్పష్టంగా కనిపిస్తుందన్న హామీ ఏదీ లేదు. కొత్తవారు ఆ నల్ల చుక్కలను నమ్ముకోవడం కన్నా, దారి పొడవునా గుర్తు కొయ్యలు పాతిన బాటలను ఎంచుకుంటే మేలు.

సమయాన్ని లెక్కగట్టడానికి విలియం నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రమే ఇప్పటికీ వాడుకలో ఉంది. నేటి కొలతల్లో చెప్పాలంటే, 5 కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 300 మీటర్లకు అరగంట. కోనిక్ హిల్‌నే తీసుకుందాం. 4 కిలోమీటర్లకు 48 నిమిషాలు, ఎక్కవలసిన 340 మీటర్ల చిల్లరకు మరో 34 నిమిషాలు, వెరసి గంటా ఇరవై రెండు నిమిషాలు. ఇది ఆగకుండా నడిచే అలవాటున్న మనిషి లెక్క. ఫొటోలు, మంచినీళ్లు, పిల్లల అలకలు కలుపుకొని రెండున్నర గంటలు పెట్టుకోవడమే నా పద్ధతి.

కోనిక్ హిల్ ఎత్తు 361 మీటర్లు. బాట బాల్మహా కార్ పార్కు వెనుకనున్న అడవిలోంచి మొదలై, చెట్లు దాటగానే బయలు కొండ మీదికి తేలుతుంది. వెస్ట్ హైలాండ్ వే శిఖరం మీదుగా కాక దాని భుజం మీదుగా పోతుంది కనుక, శిఖరానికి చేరాలంటే ప్రధాన దారిని వదిలి పక్కన కాస్త నిటారుగా ఎక్కాలి. ఆ చివరి వాలులో రాయిని వంగి చూడండి. నున్నటి గులకరాళ్లను గట్టి మట్టిలో కూరి అచ్చుపోసినట్టు ఉంటుంది. ఆ గులకరాళ్లు కొన్నిచోట్ల ఊడి కాలి కింద దొర్లుతాయి కాబట్టి దిగేటప్పుడు అడుగు చిన్నదిగా వేయాలి. పైకి చేరాక నైరుతి దిక్కుకు తిరిగితే ఇంచ్‌కైలాఖ్, టోరించ్, క్రీంచ్, ఇంచ్‌మరిన్ దీవులు నీళ్లలో ఒకే వరుసలో నిలబడి కనిపిస్తాయి. అది కాకతాళీయం కాదు. పశ్చిమాన ఆరన్ దీవి నుంచి తూర్పు తీరంలోని స్టోన్‌హేవెన్ వరకు స్కాట్లండ్‌ను కోసుకుంటూ పోయే హైలాండ్ బౌండరీ ఫాల్ట్ అనే భూభ్రంశం సరిగ్గా ఆ గీత మీదుగానే వెళుతుంది. ఒకవైపు మెత్తని పల్లపు భూములు, మరోవైపు హైలాండ్స్ కొండలు. గంటసేపు ఎక్కితే ఇంత స్పష్టంగా భూగర్భశాస్త్రం చదువుకోగల చోటు నాకు మరొకటి తెలియదు.

ఎక్కడం వద్దనుకునేవారు అదే బాల్మహా నుంచి పడవలో కొద్ది నిమిషాల్లో ఇంచ్‌కైలాఖ్ దీవికి చేరవచ్చు. దాని శిఖరం 85 మీటర్లే. దీవంతా సింధూర వృక్షాల అడవి. మే నెలలో ఆ చెట్ల కింద బ్లూబెల్ పూలు నీలి దుప్పటి పరిచినట్టు పూస్తాయి. వెళ్లేముందు తిరుగు పడవ వేళ అడిగి తెలుసుకోవాలి.

అడవీ నీరూ రెండూ ఒకేచోట కావాలంటే ఏవిమోర్ దగ్గర రోథిమర్కస్‌లోని లాఖ్ ఎన్ ఐలెన్ చుట్టూ తిరిగే సుమారు 5 కిలోమీటర్ల బాటకు సాటి లేదు. పాతకాలపు కాలిడోనియన్ పైన్ చెట్ల మధ్య, చాలావరకు చదునుగా సాగే ఈ దారిలో సరస్సు నడుమ దీవి మీద శిథిలమైన కోట ఒకటి కనిపిస్తుంది. ఓపికగా ఆగితే ఎర్ర ఉడుతలు కూడా కంటబడతాయి. అంతకన్నా చిన్న నడక కావాలంటే డన్‌కెల్డ్ పక్కనున్న హెర్మిటేజ్ ఉంది: బ్రాన్ నది ఒడ్డున, ఎత్తైన డగ్లస్ ఫర్ చెట్ల కింద, జలపాతానికి ఎదురుగా 1757లో కట్టిన ఆషన్స్ హాల్ అనే మండపం వరకు వెళ్లి రావచ్చు. డన్‌కెల్డ్ అండ్ బర్నమ్ రైల్వే స్టేషన్ దగ్గరలోనే ఉంది కనుక కారు లేనివారికి కూడా ఇది అనువైనదే.

ఇక దుస్తుల విషయం. మొదటిసారి కోనిక్ హిల్‌కు వెళ్లినప్పుడు కింద ఎండ చూసి వాన కోటును కారులోనే వదిలేశాను. సగం దూరం వెళ్లేసరికి లాఖ్ మీదుగా తెల్లటి తెరలా వాన వచ్చింది. నూలు చొక్కా, జీన్స్ ప్యాంటు తడిసి ఒంటికి అతుక్కుపోగా, జూన్ నెలలో పళ్లు టకటకలాడించుకుంటూ దిగాను. నూలు నీటిని పీల్చి ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని గాని త్వరగా ఆరే సింథటిక్ బట్ట గాని లోపల, గాలినీ నీటినీ ఆపే కోటు పైన వేసుకోవాలి. ఎత్తుతో చలి పెరిగేది వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలే అయినా, గాలి తోడైతే చిన్న కొండ కూడా వణికిస్తుంది. బయలుదేరే ముందు మెట్ ఆఫీస్ వాతావరణ సూచన చూడటం, అడుగు భాగం గట్టిగా, గాడులతో ఉన్న బూట్లు తొడుక్కోవడం తప్పనిసరి. పగటి వెలుతురు కూడా చూసుకోవాలి. డిసెంబరు చివర గ్లాస్గో, ఎడిన్‌బరాల్లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. చలికాలంలో సంచిలో టార్చి లేకుండా కదలకూడదు.

మే చివరి నుంచి సెప్టెంబరు వరకు మిడ్జ్ అనే నలుసంత పురుగులు గుంపులుగా ముసురుతాయి. గాలి కదలని తేమ సాయంత్రాలు వాటికి ప్రీతి. కాస్త గాలి వీచిందా, ఎగరలేక చెదిరిపోతాయి. అందుకే భోజనానికి చెట్ల నీడ కన్నా గాలి తగిలే గట్టును ఎంచుకోవడం తెలివైన పని. టోపీ మీదుగా వేసుకునే సన్నని వల ధర తక్కువ, సుఖం ఎక్కువ.

భూమి ఎవరిదైనా బాధ్యతగా నడిచే హక్కు స్కాట్లండ్‌లో అందరికీ ఉంది. 2003 నాటి భూసంస్కరణ చట్టం ద్వారా వచ్చిన ఈ హక్కు 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఇళ్ల పెరళ్లు, పైరు వేసిన మడులు దీని కిందికి రావు. పొలం అంచున మాత్రం నడవవచ్చు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి: తెరిచి ఉన్నదాన్ని మూయడం కూడా తప్పే, ఎందుకంటే ఆవతలి నీటితొట్టి కోసం రైతు దాన్ని తెరిచి ఉంచి ఉండవచ్చు. దూడతో ఉన్న ఆవుకు, దూడకు మధ్యగా ఎన్నడూ పోకూడదు. గొర్రెలు ఈనే వసంతకాలంలో కుక్కను పొట్టి పగ్గంతో పట్టుకోవాలి, గొర్రెపిల్లలున్న పొలాల్లోకైతే అసలు తీసుకుపోకపోవడమే మంచిది. లాఖ్ లోమండ్ ఒడ్డున గుడారం వేయాలనుకుంటే, మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 వరకు కొన్ని నిర్ణీత ప్రాంతాల్లో అనుమతి పత్రం తీసుకోవాలి.

ఏ దారిన వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగివస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. ప్రమాదం జరిగితే 999కు ఫోన్ చేసి ముందు పోలీసులను, వారి ద్వారా మౌంటెన్ రెస్క్యూ అనే కొండల రక్షణ దళాన్ని అడగాలి. మీరున్న చోటును తెలిపే, పటం మీది గ్రిడ్ సంఖ్య చెప్పగలిగితే వారి పని సులువవుతుంది. ఫోన్ పనిచేయనిచోట ఈల ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదాలి.

ఇంటికి చేరాక ఒక పని మిగిలి ఉంటుంది. ఫెర్న్ పొదల్లోంచి, పొడవాటి గడ్డిలోంచి నడిచినవారి ఒంటి మీదికి పిడుదులు ఎక్కుతాయి, వాటిలో కొన్ని లైమ్ వ్యాధిని మోసుకొస్తాయి. ప్యాంటు అంచులను సాక్సులోకి దోపుకుంటే చాలావరకు తప్పుతుంది గాని, స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనుక, చంకల్లో, గజ్జల్లో, పిల్లలకైతే జుట్టు అంచున, చెవుల వెనుక చూడాలి. కనబడితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, నలపకుండా నిదానంగా నిటారుగా లాగాలి. నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం పనికిరావు. లాగిన తేదీని క్యాలెండరు మీద రాసి ఉంచండి. తర్వాతి వారాల్లో అక్కడ వలయంలా ఎర్రదద్దు విస్తరించినా, జ్వరం వచ్చినా ఆ తేదీ చెప్పి డాక్టరుకు చూపించాలి.