పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కంపెనీని సాయం ఎలా అడగాలి: రాయగడ సైడు మనోళ్ల కోసం

మన రాయగడ, గుణుపురం సైడు కుర్రాళ్లు చేసే తప్పేటంటే, రోడ్డు పక్కన పెద్ద లారీ కంపెనీ గోడౌన్ కనపడగానే చందా బుక్కు పట్టుకుని లోపలికెళ్లిపోతారు, మేనేజరు మొహమాటానికి జేబులోంచి ఐదొందలు తీసిస్తాడు, ఫొటో దిగి వచ్చేస్తారు. నేనూ రెండేళ్లు అదే చేశాను లెండి. కంపెనీ డబ్బు ఇచ్చే పవరు ఆయన చేతిలో లేదని తర్వాత తెలిసింది.

ఆయన చేతిలో ఉన్నది బండి. అదే అడగండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా అంతా అతలాకుతలం అయినప్పుడు మా దగ్గర బియ్యం, దుప్పట్లు బాగానే పోగయ్యాయి గానీ మోసుకెళ్లే దారే లేదు, రెండ్రోజులు అలా పడున్నాయి, చివరికి అటు ఖాళీగా వెళ్తున్న లారీ ఒకటి దొరికితే ఎక్కించాం. అందుకే ఊరికే "సార్ లారీ కావాలి" అనకుండా ఎన్ని బస్తాలు, ఎంత బరువు, ఎక్కడ లోడింగు, ఎక్కడ దింపాలి, దింపడానికి మనుషులెవరు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఘాటీ రోడ్డయితే పెద్ద బండి తిరుగుతుందో లేదో ముందే చూసుకోండి. డ్రైవరుకి, క్లీనరుకి భోజనం మనదే, అది కూడా వాళ్లు అడగాలా?

ఇక పెద్ద పనులు, అంటే బడికి గదులు, మంచినీళ్ల ప్లాంటు లాంటివి, సీఎస్‌ఆర్ కింద, అంటే కంపెనీలు సమాజం కోసం చట్టప్రకారం ఖర్చు పెట్టాల్సిన డబ్బు కింద అడగాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం కంపెనీకి నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే ఆస్తి) 500 కోట్లు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉన్నా చాలు, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది, కాబట్టి వాళ్ల గోడౌన్ మన ఊళ్లో ఉందన్న ముక్క లెటర్లో మొదటి లైన్లోనే పెట్టండి. చదువు, వైద్యం, తాగునీరు, తుఫాను సాయం లిస్టులో ఉన్నాయి. జాతర చందా లేదు, అడిగి పరువు పోగొట్టుకోకండి.

డబ్బు మీ యూత్ సంఘం చేతికి రావాలంటే మాత్రం రిజిస్ట్రేషన్, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లిచ్చే 12ఏ, 80జీ సర్టిఫికెట్లు, మూడేళ్ల పని రికార్డు, దాంతోపాటు సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంఘాలు కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చే సీఎస్‌ఆర్-1 ఫారం నింపి తెచ్చుకున్న నంబరు ఉండాలి. ఇవేవీ లేకపోతే కంగారు పడకండి, పని కంపెనీనే నేరుగా చేయించమనండి. గవర్నమెంటు బడి అయితే హెడ్మాస్టరు లెటరు, స్కూల్ కమిటీ తీర్మానం, బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసు అనుమతి ఒడియాలో తీసుకుని, హెడ్డాఫీసుకి ఇంగ్లీషులో రాసి వాటిని జత చేయండి.

అంబులెన్స్ అడిగేవాళ్లు ఒకటి ఆలోచించుకోండి. బండి ఎవరి పేరు మీద ఉంటుంది, డీజిల్ ఎవరు పోస్తారు, డ్రైవరు జీతం ఎవరిస్తారు? దీనికి జవాబు లేక, వచ్చిన బండి షెడ్డులో తుప్పు పట్టడం నేను కళ్లారా చూశాను.

టైము కూడా ముఖ్యం. వాళ్ల ఏడాది ప్లాను ఏప్రిల్ నుంచి మొదలవుతుంది కాబట్టి చలికాలంలోనే లెటరు పంపేయండి, మార్చి నెలాఖర్లో వెళ్తే ఎవడూ పట్టించుకోడు. పంపేటప్పుడు ఒక కాపీ బ్రాంచి మేనేజరుకి కూడా ఇచ్చి రండి, ఆయన్ని దాటేసి హెడ్డాఫీసుకి వెళ్లారంటే మళ్లీ తుఫానొచ్చినప్పుడు లారీ అడగడానికి ముఖం చెల్లదు.