ఎగుమతులు ఒకే సరుకు చుట్టూ తిరుగుతుంటే ఏం చేయాలి?

ఒక దేశపు సరుకుల ఎగుమతి ఆదాయంలో 60 శాతానికి మించి ముడి సరుకుల నుంచే వస్తుంటే, ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ ఆ దేశాన్ని ముడి సరుకులపై ఆధారపడినదిగా లెక్కిస్తుంది. ఈ స్థితికి మూలం అన్ని చోట్లా ఒకటి కాదు. కారణం తేల్చుకోకుండా రాయితీలు ప్రకటిస్తే ఖజానా ఖాళీ అవుతుంది తప్ప కొత్త సరుకు ఓడ ఎక్కదు.

సమస్య: గనుల ఆదాయం పెరిగిన కొద్దీ మిగతా ఎగుమతులు కుంగిపోతున్నాయి.

కారణం: విదేశీ మారకం వెల్లువెత్తినప్పుడు స్థానిక కరెన్సీ బలపడుతుంది, దేశంలో కూలీలూ అద్దెలూ పెరుగుతాయి, దాంతో రైతు పండించినదీ కర్మాగారం తయారుచేసినదీ విదేశీ కొనుగోలుదారుకు ఖరీదవుతాయి. 1959లో గ్రోనింగెన్ గ్యాస్ నిక్షేపాలు బయటపడిన తర్వాత నెదర్లాండ్స్ పరిశ్రమలు పడిన ఇబ్బందిని బట్టి 1977లో దీనికి ‘డచ్ డిసీజ్’ అనే పేరు వచ్చింది.

పరిష్కారం: మంచి ధర పలికిన ఏడాది వచ్చిన అదనపు ఆదాయాన్ని అప్పటికప్పుడే ఖర్చు చేయకూడదు. చిలీ 2001 నుంచి రాగి దీర్ఘకాలిక ధరను అంచనా వేసి, దాని ఆధారంగా ప్రభుత్వ వ్యయాన్ని నిర్ణయించుకుంటోంది.

సమస్య: మారకపు రేటు అనుకూలంగానే ఉన్నా, ఉన్న కర్మాగారాలు స్వదేశీ మార్కెట్టును దాటి రావడం లేదు.

కారణం: యంత్రాలపైనా విడిభాగాలపైనా వేసే దిగుమతి సుంకం చివరికి ఎగుమతిదారు నెత్తిన పడుతుంది. రేవులో జాప్యం కూడా ఇలాంటి భారమే.

పరిష్కారం: ఎగుమతికి వాడే సామగ్రిపై సుంకం ఎత్తివేయాలి. చక్కెరే ఆధారంగా బతికిన మారిషస్ 1970లో ఎగుమతుల కోసం ప్రత్యేక మండలాలను ఏర్పరిచే చట్టంతో ఈ పని చేసి, దుస్తుల పరిశ్రమను నిలబెట్టుకుంది.

సమస్య: అన్నీ సవ్యంగా ఉన్నా కొత్త సరుకుకు ఎవరూ పూనుకోవడం లేదు.

కారణం: మొదటివాడు నష్టపోతే ఆ నష్టం అతనిదే, గెలిస్తే అందరూ అనుకరిస్తారు. విధానకర్తలు ఎక్కువగా విస్మరించేది దీన్నేనని నా అభిప్రాయం.

పరిష్కారం: నైపుణ్యం తెచ్చే తొలి ప్రయత్నానికి ప్రభుత్వం తోడు నిలవాలి. 1979లో బంగ్లాదేశ్‌కు చెందిన దేశ్ అనే దుస్తుల తయారీ సంస్థ సుమారు 130 మందిని శిక్షణ కోసం దక్షిణ కొరియాలోని దేవూ కంపెనీ కర్మాగారానికి పంపింది. వారిలో చాలామంది తర్వాత బయటికి వెళ్లి ఇతర కర్మాగారాలకు ఆ పనితనాన్ని చేరవేశారు. ఎగుమతికి వాడే దిగుమతి సామగ్రిని సుంకం కట్టకుండా నిల్వ ఉంచుకునే బాండెడ్ గిడ్డంగులు, విదేశీ ఆర్డరును చూపి బట్ట కొనుగోలుకు బ్యాంకు హామీ పొందే ఏర్పాటు ఆ తర్వాత వచ్చినవారందరికీ దారి సుగమం చేశాయి. ఇటువంటి మద్దతు ఒక సంస్థకు కాక కొత్త పనికి దక్కాలి, దానికి గడువు కూడా ముందే ప్రకటించాలి.