ఓవెన్‌లో క్యాసరోల్: ముందు గాజు ట్రే సంగతి తెలుసుకోండి

పోయిన శనివారం మా అపార్ట్‌మెంట్లలో కొత్తగా దిగిన జంట మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఇండియా నుంచి వచ్చి ఆరు వారాలే అయింది. ఆ అమ్మాయి పొద్దున్నే కూరగాయల క్యాసరోల్ (ముక్కలూ పాల సాసూ ట్రేలో కలిపి, పైన చీజ్ చల్లి ఓవెన్‌లో కాల్చే వంట) కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంది. మేం వెళ్ళగానే గాజు ట్రేని తీసి నేరుగా కాలిపోతున్న ఓవెన్‌లో పెట్టింది. కాసేపటికి ఠప్పుమని చప్పుడు. తలుపు తీస్తే చీజ్ నిండా గాజు పెంకులు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

2012లో అమెరికాలోని ఇర్వింగ్ (టెక్సస్) వచ్చిన కొత్తలో నేనూ ఒక ట్రే పగలగొట్టాను. ఓవెన్‌లోంచి తీసి, అప్పుడే తుడిచిన తడి గట్టు మీద పెట్టాను. నిలువునా రెండు ముక్కలైంది. ఆ రాత్రి మా పాప పెరుగన్నం తిని పడుకుంది.

ఇక్కడ దొరికే గాజు ట్రేలు చాలావరకు సోడా-లైమ్ గాజువి, అంటే సీసాలకి వాడేలాంటి మామూలు గాజు. ఓవెన్‌లో వాడొచ్చని రాసి ఉన్నా, ఒక్కసారిగా వేడి మారితే తట్టుకోవు. ఫ్రిజ్‌లోంచి తీసిన ట్రేని చల్లదనం పోయేదాకా బయట ఉంచండి. ఓవెన్ పూర్తిగా వేడెక్కాకే లోపల పెట్టండి. మధ్యలో పాలు తక్కువయ్యాయని చల్లటి పాలు పోయొద్దు. పైన ఎర్రగా రావాలని బ్రాయిల్ (పై నుంచి నేరుగా మాడ్చే సెట్టింగ్) నొక్కొద్దు. స్టవ్ మీద అసలే పెట్టొద్దు. బయటికి తీశాక పొడి గుడ్డ మీదో చెక్క పీట మీదో దించండి. అంచు చిట్లిన ట్రే ఎంత ఖరీదైనదైనా పారేయండి. చెయ్యి అలవాటయ్యేదాకా గాజు వద్దు, అల్యూమినియం రేకు ట్రే చాలు. ఎంతమందికి చెప్పినా వినరు, అందుకే ఇంతగా చెబుతున్నా.

ఇంకోటి, ఓవెన్ వెయ్యబోయే ముందు లోపల దాచిన మూకుళ్ళూ పెనాలూ తీసెయ్యండి. మనందరి ఇళ్ళల్లో అది సామాన్ల అలమరే కదా.

వంట పెద్ద పనేం కాదు. ఆరు కప్పుల కాలీఫ్లవర్, క్యారెట్, బీన్స్, బంగాళదుంప ముక్కల్ని సగం ఉడికించి వార్చి, గుడ్డ మీద ఆరబెట్టండి. తడి ఉంటే అడుగున నీళ్ళు ఊరతాయి. మూడు పెద్ద చెంచాల (టేబుల్‌స్పూన్ల) వెన్నలో అన్నే పెద్ద చెంచాల మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, రెండు కప్పుల పాలు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెకి అంటుకునేంత చిక్కబరచండి. ఉప్పు, మిరియాలు వేసి ముక్కలతో కలిపి, పైన చీజ్ చల్లి, 375 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో అరగంట. అంచుల్లో బుడగలు రావాలి. తీశాక పది నిమిషాలు ముట్టుకోకండి.

పిల్లలకి చీజ్ కావాలి, ఊరి నుంచి వచ్చిన అత్తగారికి అదే సహించదు. ఇద్దరికీ వేరే వేరే వంటలెందుకు? ట్రేలో ఒక సగానికే చీజ్ చల్లండి. రెండో సగం మీద, బయటికి తీశాక, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టండి. మా అమ్మ మొట్టమొదటిసారి మారు వడ్డించుకున్నది ఆ వైపు నుంచే. శాకాహారులైతే చీజ్ ప్యాకెట్ మీద వెజిటేరియన్ రెన్నెట్ (చీజ్ కోసం పాలని గడ్డకట్టించేది) అని ఉందో లేదో చూసుకోండి. కొన్ని రకాల్లో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు.

సరే, చాలా భయపెట్టాను. ట్రే పగలకుండా ఉంటే ఈ వంట చెడగొట్టడం కష్టమే. ఉప్పు తగ్గితే పక్కన ఆవకాయ ఉంది. పైన కొంచెం మాడినా పిల్లలకి ఆ మాడే ఇష్టం. టెన్షన్ పడకండి.

మొన్న బుధవారం ఆ అమ్మాయి రేకు ట్రేలో మళ్ళీ చేసి, ఒక డబ్బా మాకూ పంపింది. మూలల్లో కరకరలాడే ముక్కల కోసం మా పాప, వాళ్ళ నాన్నమ్మ పోటీపడ్డారు.