పదాల తోక పట్టుకుందాం – 12వ పాఠం: రాసిపెట్టేవాళ్లు, రాసిపెట్టేవి

ముందుగా పోయిన పాఠం ప్రశ్నలకు జవాబులు. హైగ్రోమీటర్ గాలిలోని తేమను కొలుస్తుంది, ఆనిమోమీటర్ గాలి వేగాన్ని కొలుస్తుంది. 'మీటర్' అనే తోక చూడగానే కొలత గుర్తొస్తే ఆ పాఠం మీకు పట్టుబడినట్టే.

ఈసారి తోక 'గ్రాఫ్'. గ్రీకులో గ్రాఫీన్ అంటే రాయడం, గీయడం. తెలుగు మీడియంలో చదివినవాళ్ల చేతిలో దీని తాళంచెవి ఇప్పటికే ఉంది. థర్మామీటర్‌ని ఉష్ణమాపకం అని, మైక్రోస్కోప్‌ని సూక్ష్మదర్శిని అని, సీస్మోగ్రాఫ్‌ని భూకంపలేఖిని అని చదువుకున్నాం కదా! మాపకం కొలుస్తుంది, దర్శిని చూపిస్తుంది, లేఖిని రాసిపెడుతుంది. కొత్త ఇంగ్లిష్ పదం ఎదురైతే మీటర్ ఉన్నచోట మాపకం, స్కోప్ ఉన్నచోట దర్శిని, గ్రాఫ్ ఉన్నచోట లేఖిని పెట్టి చూడండి. సగం అర్థం అక్కడే తేలిపోతుంది. తెలుగు మీడియం చదువు ఇంగ్లిష్‌కి అడ్డమని బాధపడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఈ ఒక్క పాఠంలోనైనా ఆ చదువే మీకు ముందడుగు.

బారోమీటర్, బారోగ్రాఫ్ రెండూ గాలి పీడనానికి సంబంధించినవే. బారోమీటర్ ముందు నిలబడితే ఇప్పుడెంత ఉందో తెలుస్తుంది, అంతే. పాత బారోగ్రాఫ్‌ని దగ్గరగా చూస్తే లోపల గడియారంతో నెమ్మదిగా తిరిగే డ్రమ్ము, దాని చుట్టూ గళ్ల కాగితం, కాగితాన్ని తాకుతూ సన్నటి కలం కనిపిస్తాయి. డ్రమ్ము ఒక చుట్టు తిరగడానికి సాధారణంగా వారం పడుతుంది. అర్ధరాత్రి పీడనం పడిపోయి తెల్లవారేసరికి మళ్లీ పెరిగినా, ఆ దిగుడూ ఎగుడూ కాగితం మీద ఉంటాయి. చూసేవాళ్లు లేనప్పుడు కూడా రాసిపెట్టేదే గ్రాఫ్.

రాసేది గ్రాఫ్ అయితే, రాసినది 'గ్రామ్'. టెలిగ్రాఫ్ పరికరం, టెలిగ్రామ్ దాని మీద వచ్చిన కబురు. సీస్మోగ్రాఫ్ గీసిన గీత సీస్మోగ్రామ్. గుండె పరీక్షలో వచ్చే ఈసీజీ కాగితం ఎలక్ట్రోకార్డియోగ్రామ్, దాన్ని గీసిన మిషను ఎలక్ట్రోకార్డియోగ్రాఫ్. ఈసారి ఆ కాగితం చేతికొస్తే గళ్లు గమనించండి. మామూలుగా అది సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. చిన్న గడి ఒక మిల్లీమీటరు, అంటే 0.04 సెకను. అయిదు చిన్న గళ్లు కలిస్తే ఒక పెద్ద గడి, 0.2 సెకను. అంటే అయిదు పెద్ద గళ్లు దాటితే ఒక సెకను గడిచినట్టు. గుండె తన లెక్క తానే రాసుకున్న చిట్టా అది.

క్రోనోమీటర్‌కీ క్రోనోగ్రాఫ్‌కీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. క్రోనోస్ అంటే కాలం. క్రోనోమీటర్ కచ్చితంగా కాలాన్ని కొలిచే గడియారం. 1821లో నికోలా రియుసెక్ అనే ఫ్రెంచి గడియారాల నిపుణుడు గుర్రప్పందాల సమయం పట్టడానికి ఒక యంత్రం చేశాడు. అది తిరిగే పళ్లెం మీద సిరాచుక్క పెట్టేది. నిజంగానే కాలాన్ని రాసింది కాబట్టి క్రోనోగ్రాఫ్. ఇప్పుడు ఆ పేరుతో వచ్చే చేతిగడియారాల్లో సిరా లేదు, పేరు మాత్రం ఉండిపోయింది.

సూత్రానికి లొంగనివీ ఉన్నాయి. ఫోటోగ్రాఫ్, ఆటోగ్రాఫ్ పరికరాలు కావు, రాయగా మిగిలినవే. వీటిని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇక మనుషులు. గ్రాఫ్‌కి 'అర్' చేరిస్తే రాసే మనిషి. స్టెనోస్ అంటే ఇరుకు. మాటల్ని కుదించి రాసే మనిషి స్టెనోగ్రాఫర్. బయోస్ అంటే జీవితం. ఒకరి జీవితం రాసే మనిషి బయోగ్రాఫర్. పలికేటప్పుడు జాగ్రత్త. ఫోటోగ్రాఫ్‌లో ఒత్తు, అంటే నొక్కి పలకడం, మొదటి 'ఫో' మీద పడుతుంది. ఫోటోగ్రాఫర్‌లో ఒత్తు రెండో అక్షరానికి జరిగి, పదం 'ఫటాగ్రఫర్'లా వినిపిస్తుంది. స్టెనాగ్రఫర్, బయాగ్రఫర్ కూడా ఇదే దారి. రోజూ పదేసి సార్లు పైకి అనండి, వారంలో నాలుక తిరుగుతుంది.

గ్రాఫ్ తోక లేకుండా రాసిపెట్టేవాళ్లూ ఉన్నారు. రిజిస్ట్రార్ నమోదు చేసే అధికారి, ఆర్కివిస్ట్ పాత పత్రాలు భద్రపరిచే మనిషి, క్రానిక్లర్ సంఘటనల్ని వరుసగా రాసుకుపోయే మనిషి. నోటరీ అన్నమాట నోటారియస్ నుంచి వచ్చింది. లాటిన్‌లో ఆ మాటకు సంకేతాలతో వేగంగా రాసుకునే లేఖకుడని అర్థం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట 'రికార్డ్'. లాటిన్‌లో 'కోర్' అంటే హృదయం, 'రె' అంటే మళ్లీ. మళ్లీ మనసుకు తెచ్చుకోవడం దాని తొలి అర్థం. మనం పద్యాన్ని హృదయస్థం చేసుకున్నామంటాం చూడండి, అదే ఊహ. ఇందులోనూ ఒత్తు చూసుకోవాలి. నామవాచకమైతే మొదటి అక్షరం మీద, 'రెకర్డ్'. క్రియ అయితే రెండోదాని మీద, 'రికార్డ్'. రికార్డర్ క్రియ నుంచి వచ్చింది కాబట్టి ఒత్తు 'కా' మీదే.

'లాగ్' అంటే అసలు చెక్కదుంగ. ఓడవాళ్లు ముడులు వేసిన తాడుకు చెక్క కట్టి సముద్రంలో వదిలి, ఇసుక గడియారం అయ్యేలోపు ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టేవారు. ఓడ వేగాన్ని నేటికీ 'నాట్'లలో, అంటే ముడులలో, చెప్పడం అందుకే. ఆ వేగాన్ని రాసుకున్న పుస్తకం లాగ్‌బుక్ అయింది. దానంతట అదే వివరాలు నమోదు చేసుకునే పరికరం డేటా లాగర్ అయింది.

అభ్యాసం: నిఘంటువు చూడకుండా అర్థం రాయండి. థర్మోగ్రాఫ్, స్పెక్ట్రోస్కోప్, స్పెక్ట్రోగ్రాఫ్, లెక్సికోగ్రాఫర్. చివరిదానికి ఒక సాయం: లెక్సికాన్ అంటే నిఘంటువు. ఇంకొకటి: పాలీ అంటే అనేకం. అబద్ధాలు పట్టే యంత్రానికి పాలీగ్రాఫ్ అన్న పేరు ఎందుకు వచ్చిందో ఒక వాక్యంలో రాయండి. జవాబులు 13వ పాఠం మొదట్లో.